గుర్రాన్ని దాటించే ముందు తల్లి కాళ్లు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. హనుమకొండ శివారులో ఏడెనిమిదేళ్ల పాప ఎత్తైన ఎర్ర గుర్రం మీద కూర్చుని నవ్వుతోంది, కింద 'విదేశీ జాతి గుర్రంపై స్వారీ శిక్షణ' అని రాశారు. పాప తలకు హెల్మెట్ కూడా ఉంది, సంతోషం. కానీ నా చూపు గుర్రం కాళ్ల మీదికే పోయింది. ఎడమ ముందుకాలు కొంచెం ముందుకు చాపి, బరువంతా కుడికాలి మీద వేసి నిలబడింది. గుర్రం వెనకకాలు సడలించి నిలబడటం మామూలే, అలసట తీర్చుకుంటుంది. ముందుకాలు అలా చాపి పెట్టిందంటే మాత్రం ఆ గిట్టలో నొప్పి ఉందేమో పట్టి చూడాలి. ఒక్క ఫోటో చూసి తీర్పు చెప్పను, ఆ క్షణంలో అడుగు వేయబోతూ ఉండొచ్చు. అయినా ఆ రోజంతా మనసు అక్కడే తిరిగింది, అందుకే రాస్తున్నాను.

మాది హసన్‌పర్తి దగ్గర పల్లె. మక్క, పత్తి వేసుకుంటూ పదకొండేళ్లుగా గుర్రాలు పెంచుతున్నాను, ఇప్పుడు పాకలో నాలుగున్నాయి. శని, ఆదివారాలు కొందరు పిల్లలు వచ్చి స్వారీ నేర్చుకుంటారు. మా నాయిన ఎడ్ల బేరం బాగా తెలిసిన మనిషి. సంతలో ఎద్దు ఎంత నచ్చినా పది అడుగులు నడిపించి, వెనక్కి తిప్పి, మళ్లీ నడిపించి చూస్తే తప్ప బయానా చేతిలో పెట్టేవాడు కాదు. ఆ పద్ధతి నేను ఒక్కసారి తప్పాను, ఆ సంగతి కింద చెప్తాను.

మన దగ్గర స్వారీ మీద మోజు పెరిగింది 2023 తర్వాతే. ఆ ఏడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడ్డా, అనూష్ అగర్వాలా డ్రెసాజ్, అంటే గుర్రంతో లెక్క ప్రకారం అడుగులు వేయించే టీమ్ పోటీలో బంగారు పతకం తెచ్చారు. స్వారీలో మనకు అంతకు ముందు బంగారం 1982 ఢిల్లీ క్రీడల్లో వచ్చింది, మధ్యలో 41 ఏళ్లు. వాళ్లందరూ యూరప్‌లో ఉండి శిక్షణ తీసుకున్నవాళ్లు, ఎక్కినవి అక్కడి వార్మ్‌బ్లడ్ గుర్రాలు. 2018లో జకార్తాలో ఫౌవాద్ మీర్జా వెండి పతకం తెచ్చింది కూడా వార్మ్‌బ్లడ్ మీదే. అప్పటి నుంచి 'వార్మ్‌బ్లడ్' అనే మాట మన కరీంనగర్, వరంగల్ దాకా పాకింది. ఇప్పుడు కొంచెం పొడుగ్గా కనిపించే ప్రతి గుర్రం వార్మ్‌బ్లడ్ క్రాసే అయిపోయింది.

చాలామంది దీన్ని రక్తం వేడికి సంబంధించిన మాట అనుకుంటారు. అన్ని గుర్రాల ఒంటి వేడీ ఒకటే. అరబ్బీ, రేసులకు వాడే థరోబ్రెడ్ లాంటి చురుకైన, ఉలికిపడే జాతులను హాట్‌బ్లడ్ అంటారు. బండ్లు, నాగళ్లు లాగే షైర్, పెర్షెరాన్ లాంటి బరువు గుర్రాలను కోల్డ్‌బ్లడ్ అంటారు. అది స్వభావాన్ని బట్టి పెట్టిన పేరు. ఈ రెండింటి మధ్యలో స్వారీ కోసం తరతరాలుగా ఏరి ఏరి కట్టించినవి వార్మ్‌బ్లడ్‌లు. హానోవేరియన్, హోల్‌స్టైనర్, ట్రకేనర్, ఓల్డెన్‌బర్గ్, డచ్ వార్మ్‌బ్లడ్, ఇలా వాటిలో ఒక్కోదానికి ఒక్కో పుస్తకం, ఆ పుస్తకంలో తల్లీ తండ్రీ తాతల లెక్క. ఆ లెక్కలో ఉన్నదాన్నే వాళ్లు వార్మ్‌బ్లడ్ అంటారు. అదే పేరు మన దగ్గర పొడుగును చూసి పెడుతున్నారు.

సంతలో గుర్రాన్ని ఇంచుల్లో చెప్తారు. 'అన్నా, అరవై నాలుగు ఇంచులు' అంటే పదహారు హ్యాండ్లు (హ్యాండ్ అంటే నాలుగు ఇంచులు) అని అర్థం, అది మెడ జూలు ముగిసే చోట వీపు మీది ఎత్తు నుంచి నేలకు కొలత. నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరకు మన నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు వాళ్లు చాలామంది పోతారు, నేనూ మూడుసార్లు పోయాను. ఎవరిని చూసినా ముందు అడిగేది ఇంచులే, తర్వాత రంగు. తల్లి ఏది అని అడిగినవాళ్లు నాకు దాదాపు కనబడలేదు. కాలు ఎత్తి గిట్ట కింద చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఇక నా సంగతి. ఆరేళ్ల కింద నా దగ్గర ఒక ఆడగుర్రం ఉండేది. రేసుల నుంచి రిటైర్ అయి చేతులు మారి వచ్చిన థరోబ్రెడ్, పిల్లలు ఎక్కినా బెదరని మంచి జీవం. దాన్ని మంచి మగగుర్రంతో దాటించాలని, అంటే పిల్ల కోసం కట్టించాలని ఆశపడ్డాను. వేరే రాష్ట్రంలో ఒకాయన దగ్గర అరవై ఆరు ఇంచుల 'వార్మ్‌బ్లడ్ క్రాస్' ఉందన్నారు. ఫోన్లో ఫోటో పంపారు, గడ్డిలో నిలబడి మెరిసిపోతోంది. ఇరవై సెకన్ల వీడియో పంపారు, అదీ ఇసుకలో. కాగితాలు తర్వాత ఇస్తామన్నారు. నా గుర్రాన్ని వ్యాన్ ఎక్కించి పంపి, దాటించడానికి 40,000 రూపాయలు కట్టాను. గట్టి నేల మీద ఆ మగగుర్రాన్ని పది అడుగులు నడిపించి చూపమని నేను అడగలేదు. లాడాలు తీసి గిట్టలు చూపమనీ అడగలేదు.

పిల్ల పుట్టింది. నల్ల జూలు, నుదుట చుక్క, చూడముచ్చటైన మగపిల్ల. మూడేళ్లకు అరవై మూడు ఇంచులు దాటింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కానీ గిట్టకు పైన ఉండే చీలమండ ఎముక, అదే పాస్టర్న్, వాలుగా లేకుండా నిట్టనిలువుగా ఉంది. ఒంటికి తగ్గ గిట్టలు లేవు, మడమ వైపు ఇరుకు. గుర్రం పరుగెత్తేటప్పుడు నేల నుంచి వచ్చే దెబ్బను ఆ వాలే మింగుతుంది, వాలు లేకపోతే దెబ్బంతా గిట్ట లోపలి ఎముకకు పోతుంది. నాలుగో ఏడు నిండకముందే కుంటడం మొదలుపెట్టింది. గుండ్రంగా తిప్పితే లోపలి కాలు, అటు తిప్పితే అటు కాలు, ఇటు తిప్పితే ఇటు కాలు. ఎక్స్‌రే తీసిన డాక్టర్ గారు గిట్ట లోపల ఉండే నావిక్యులర్ అనే చిన్న ఎముకలో తేడా ఉందని, స్వారీ పనికి వద్దని చెప్పారు. తర్వాత విచారిస్తే ఆ మగగుర్రం కూడా అదే బాధతో పనికి రాక, దాటించడానికి మాత్రమే ఉంచిందని తెలిసింది. కాగితాలు ఇప్పటికీ రాలేదు. ఆ గుర్రాన్ని అమ్మలేదు, అమ్మితే ఏ పెళ్లి బారాత్‌లోనో తారు రోడ్డు మీద నిలబెడతారు. పాకలోనే ఉంది, రోజూ దాని గిట్టలు కడుగుతాను.

ఈ తప్పు ఇంకొకరు చేయకూడదని చెప్తున్నాను. కొనేటప్పుడైనా దాటించేటప్పుడైనా గుర్రాన్ని గట్టి, చదునైన నేల మీద మీ ఎదురుగా రప్పించండి, మీ నుంచి దూరంగా నడిపించండి, తర్వాత ట్రాట్, అంటే నడకకూ పరుగుకూ మధ్య దుడుకు నడక, చేయించండి. కళ్లు మూసుకుని అడుగుల చప్పుడు వినండి. బాగున్న గుర్రం ట్రాట్‌లో టక్ టక్ అని ఒకే లెక్కలో పడుతుంది. కుంటే గుర్రం ఒక అడుగు గట్టిగా, ఒకటి మెల్లగా వేస్తుంది. నొప్పి ఉన్న ముందుకాలు నేల మీద పడ్డప్పుడు తల పైకి లేపుతుంది, బాగున్న కాలు పడ్డప్పుడు తల దించుతుంది. ఆ తర్వాత మోకాలి కింద నుంచి అరచేత్తో మెల్లగా కిందికి నిమరండి. వేడి తగిలితే, వెనక నరంలాంటి టెండన్ తాడులా బిగువుగా కాకుండా మెత్తగా, ఉబ్బుగా తగిలితే వెనక్కి రండి. మోకాలి కింది ఎముక చుట్టుకొలత టేపుతో చూడండి. సుమారు 450 కిలోల గుర్రానికి ఎనిమిది ఇంచులు ఉండాలని పాతకాలం నుంచి గుర్రాలవాళ్లు చెప్పే లెక్క. పొడుగు గుర్రానికి సన్న కాళ్లు ఉంటే దాని బరువే దానికి శత్రువు.

తల్లి గురించి చాలామంది నమ్మని విషయం ఒకటుంది. కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు 1938లో ఒక ప్రయోగం ఫలితం ప్రకటించారు. భారీ షైర్ గుర్రానికీ, నడుమెత్తు కూడా లేని షెట్లాండ్ పోనీకీ రెండు వైపులా సంకరం చేశారు, అంటే ఒకసారి షైర్ తల్లి, ఇంకోసారి షెట్లాండ్ తల్లి. రెండు పిల్లల్లోనూ రెండు జాతుల రక్తం సగం సగమే. కానీ షైర్ తల్లికి పుట్టిన పిల్ల షెట్లాండ్ తల్లికి పుట్టినదానికి సుమారు మూడు రెట్ల బరువుంది, పెద్దయ్యాక కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. తల్లి కడుపు ఎంతో పిల్ల అంత. మన దగ్గర యాభై ఆరు ఇంచుల బక్క గుర్రాన్ని పెద్ద వార్మ్‌బ్లడ్‌తో దాటించి అరవై ఐదు ఇంచుల పిల్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇది ఆలోచించాలి. పుట్టాక ఆరు నెలలు ఆ పిల్ల తల్లి పాలు తాగుతుంది, తల్లి వెంటే తిరుగుతుంది, తల్లి దేనికి బెదిరితే దానికి బెదరడం నేర్చుకుంటుంది. మగగుర్రం ఒక్కరోజు చుట్టం. కుంటి తల్లిని, కరిచే తల్లిని 'స్వారీకి పనికిరాదు కదా, పిల్లలు పెట్టడానికైనా పనికొస్తుంది' అని కట్టించడం మాత్రం మానుకోండి. ఇది నేను చాలా పాకల్లో చూశాను, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకో మాట. మంచి మార్వాడీ, కాఠియావాడీ ఆడగుర్రం మీ దగ్గర ఉంటే దాన్ని సంకరానికి వాడకండి. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే, 2012తో పోలిస్తే 45 శాతం పైగా తగ్గాయి. మన జాతులు మన ఎండలో నిలబడి తయారైనవి, గిట్ట గట్టిది, తక్కువ మేతతో బతుకుతాయి. వాటిని వాటి జాతిలోనే దాటించాలి. సంకరానికి థరోబ్రెడ్ ఆడగుర్రాలు, ఏ జాతో చెప్పలేని మంచి స్వభావం ఉన్న ఆడగుర్రాలు కావలసినన్ని ఉన్నాయి.

మన ఎండ సంగతి కూడా ఎవరూ మాట్లాడరు. వార్మ్‌బ్లడ్ చల్లటి దేశంలో తయారైన జీవం, కండ ఎక్కువ, ఒళ్లు పెద్దది. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడి బయటికి పోవడం కష్టం. మే నెలలో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వేడి, ఉక్క కలిసిన చోట కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది, ఒళ్లు పొడిగా ఉండి కుక్కలా రొప్పుతాయి, చూసుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నా అభిప్రాయంలో మనకు సగం కంటే ఎక్కువ వార్మ్‌బ్లడ్ రక్తం వద్దు, అరవై, అరవై రెండు ఇంచులు చాలు. స్వారీ నేర్చుకునే మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదన్నది లెక్క. 400 కిలోల గుర్రం 80 కిలోలు మోస్తుంది, మన పిల్లలకు అంతకంటే పెద్దది ఎందుకు?

ఇక ప్రభుత్వం చేయాల్సింది. జర్మనీలో ఈ గుర్రాలు రైతుల ఇళ్లలోనే తయారయ్యాయి. హానోవర్ పాలకుడు, బ్రిటన్ రాజు కూడా అయిన రెండో జార్జ్ 1735లో సెల్లె అనే ఊళ్లో ప్రభుత్వ గుర్రాలశాల పెట్టించాడు. మంచి మగగుర్రాలను ప్రభుత్వం పెంచింది, ఆడగుర్రాలు రైతులవి, తక్కువ పైసలకే దాటించి ఇచ్చేవారు. ఆ శాల ఈరోజుకీ నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్లు వచ్చి గుర్రాలకు పొలంలో పని పోతే, అదే రైతులు అదే ఆడగుర్రాలను థరోబ్రెడ్, ట్రకేనర్ మగగుర్రాలతో కట్టించి స్వారీ గుర్రాలుగా మార్చుకున్నారు. లెక్క రాసి పెట్టుకున్నారు కాబట్టి మార్చుకోగలిగారు. మన ఓరుగల్లుకు గుర్రం కొత్తది కాదు, 1244లో గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి శాసనంలో ఓడల సరుకుల మధ్య గుర్రాల పేరు కూడా ఉంది. కానీ మంచి గుర్రమంటే బయట నుంచి రావలసిందే అన్న ఆలోచన మనలో ఇంకా పోలేదు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ జాతీయ పశుసంపద మిషన్‌లో గుర్రం, గాడిద, కంచరగాడిద, ఒంటెలను కూడా చేర్చింది. వాటి పెంపకం యూనిట్లకు సగం సబ్సిడీ, 50 లక్షల దాకా. గుర్రాల వీర్య కేంద్రం, జాతి గుర్రాలను పెంచే మూల సంతతి ఫారం పెట్టడానికి 10 కోట్ల సాయం అని కూడా చెప్పింది. మనకు మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, కోరుట్లలో ఉంది. నేను అడిగేది పెద్దదేం కాదు. మామునూరులో వారానికి ఒక్కరోజు గుర్రాలకు స్కానింగ్ చేయండి. గోపాలమిత్రలు గేదెలకు ఇంజెక్షన్ చేసినంత తేలిక కాదు గుర్రానికి. ఆడగుర్రం 21 రోజులకోసారి ఎదకు వస్తుంది, ఎద ఐదారు రోజులుంటుంది, అండం విడుదలయ్యేది ఆ ఎద చివరలో. నిల్వ చేసిన వీర్యమైతే అండం విడుదలైన కొద్ది గంటల్లోనే పడాలి, స్కానింగ్ లేకుండా అది చీకట్లో బాణం వేయడమే. చూడి కట్టాక పదిహేను రోజుల ప్రాయంలో మళ్లీ చూడాలి, కవలలుంటే అప్పుడే తెలియాలి. గుర్రానికి కవలలు శుభవార్త కాదు, ఎక్కువసార్లు రెండూ దక్కవు.

దాంతోపాటు రాష్ట్రంలో ప్రతి గుర్రానికీ మెడలో మైక్రోచిప్, దాని నంబరుతో ఒక రిజిస్టర్. తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష ఎప్పుడు చేశారు, అంతే. గ్లాండర్స్‌కు టీకా లేదు, మనుషులకూ అంటుతుంది, పాజిటివ్ వచ్చిన గుర్రాన్ని చంపేయాల్సిందే. పరీక్ష లేని గుర్రాన్ని పిల్లలు ఎక్కే చోటికి ఎలా రానిస్తున్నారు? విదేశీ వార్మ్‌బ్లడ్ వీర్యం కొనేవాళ్లకు ఇంకొక జాగ్రత్త. ఆ జాతుల్లో 'ఫ్రజైల్ ఫోల్ సిండ్రోమ్' అనే జన్యులోపం ఉంది. తల్లి, తండ్రి ఇద్దరూ పైకి బాగుండి లోపల మోస్తే నాలుగింట ఒక పిల్ల చర్మం, కీళ్లు పట్టు లేకుండా పుట్టి బతకదు. జూలు వెంట్రుకల కుదుళ్లతో పరీక్ష చేస్తారు. అమ్మేవాళ్లను ఆ కాగితం అడగండి.

మేత గురించి రెండు మాటలు, ఎందుకంటే మంచి రక్తం కూడా గాడి దగ్గరే పాడవుతోంది. ఇప్పుడు అందరూ సూపర్ నేపియర్ వేస్తున్నారు. గేదెలకు మంచిదే, గుర్రానికి అదొక్కటే నెలల తరబడి పెడితే దాంట్లోని ఆక్సలేట్లు కాల్షియంను కట్టేస్తాయి. పైగా దాణాలో తవుడు కలుపుతారు, తవుడులో భాస్వరం ఎక్కువ, అదీ కాల్షియంకే దెబ్బ. గుర్రం తన ఎముకల్లోంచి కాల్షియం తీసుకుంటుంది, ముఖం ఎముక ఉబ్బుతుంది, కుంటుతుంది. కుంటు చూసి లాడం తప్పనుకుంటారు. లూసర్న్, ఎండుగడ్డి కలిపి పెట్టండి, చూడి గుర్రానికి మరీ ముఖ్యం. చిన్న జొన్న పైరులోకి మాత్రం వదలొద్దు, అది విషం.

మీ ఫోటోలోని గుర్రం ఎవరిదో నాకు తెలియదు, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు ఈ ఉత్తరం చేరితే ఆ ఎడమ ముందుగిట్ట ఒకసారి పట్టి చూడమని, లాడం కొట్టి ఎన్ని వారాలైందో లెక్క చూసుకోమని చెప్పండి. ఆరు వారాలకోసారి గిట్ట చెక్కించాలి. ఇంకా మీ రిపోర్టర్ మళ్లీ గుర్రం ఫోటో తీస్తే 'విదేశీ జాతి' అని రాసే ముందు తల్లి పేరు, తండ్రి పేరు అడగమనండి. చెప్పలేకపోతే ఉత్త 'గుర్రం' అని రాయండి.

నేను ఈసారి ఫిబ్రవరిలో మళ్లీ ఒక ఆడగుర్రాన్ని దాటించాను. మగగుర్రం అరవై ఒక్క ఇంచులే, పన్నెండేళ్ల వయసు, ఇప్పటికీ రోజూ స్వారీ చేస్తున్నారు, లాడాలు విప్పించి సిమెంటు నేల మీద నడిపించి చూశాను, దాని పిల్లలు రెండింటిని కూడా పోయి చూసి వచ్చాను. పదకొండు నెలలంటే జనవరిలో ఈనుతుంది, ఎండలు ముదిరేలోపు పిల్ల గట్టిపడుతుంది, జోరీగలు, అవి అంటించే సర్రా జబ్బు ఉండే వానాకాలం నాటికి కడుపునిండా పాలు తాగి ఉంటుంది. నెల ముందు తల్లికి ధనుర్వాతం టీకా వేయిస్తే ముర్రుపాలతో పిల్లకు అందుతుంది. పుట్టిన గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు పట్టుకోవాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఆ రాత్రి కోసం పాకలో గడియారం, పుస్తకం, టార్చిలైటు ఇప్పటికే పెట్టాను. పుస్తకంలో మొదటి పేజీ మీద తల్లి పేరు, తండ్రి పేరు, దాటించిన తేదీ రాసి ఉన్నాయి. చూడాలనుకునేవాళ్లు ఎవరైనా రావచ్చు.

ఇట్లు,
ఒక గుర్రాల రైతు,
హసన్‌పర్తి మండలం, హనుమకొండ జిల్లా